హెట్టీ కూర్చున్న కుర్చీ

ఎదురింటి మేవిస్ బస్సు యాత్ర నుంచి దిగీ దిగకముందే, రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడ్డ క్లిఫర్డ్‌ని పట్టుకుని చెప్పిందట. క్లిఫర్డ్ ఆ కబురును, కొన్న మాంసం కూరిన రొట్టెతో పాటు వేడివేడిగా ఇంటికి మోసుకొచ్చాడు.

ష్రాప్‌షైర్ జిల్లాలో ఆల్డర్‌విక్ హాల్ అని ఒక దొరల మేడ ఉందట. కప్పు కారుతుంటే బాగుచేయించుకునే దిక్కులేక, దొరలు సగం ఇంటిని జనానికి తెరిచేశారట. పెద్దదొర కట్టుడుపళ్ళ దగ్గర్నుంచి పెద్దదొరసాని రాత్రిపూట వాడుకున్న పింగాణీ చెంబు దాకా అద్దాల బీరువాల్లో పెట్టి చూపిస్తున్నారట. జనం టిక్కెట్టు కొని మరీ ఆ చెంబుకేసి వంగి వంగి చూస్తున్నారట. ఇక కుర్చీలున్నాయే, ప్రతి కుర్చీలోనూ ఎండిన ముళ్ళకాయ ఒకటి పెట్టారట. ‘కూర్చోకండి’ అని బోర్డు రాస్తే మోటుగా ఉంటుందని, ఆ మాట ముల్లుతో చెప్పిస్తున్నారట. మేవిస్ వాళ్ళ బస్సులో వచ్చిన నిక్కరాయన ఒకడు అది అలంకారం కాబోలనుకుని, వెనక్కి చూసుకోకుండా కూలబడ్డాడట.

“మాంచెస్టర్ దాకా నిలబడే వచ్చాడట తెల్మా! బస్సులో తన సీటు ఖాళీయేనట!” అని క్లిఫర్డ్ పడీపడీ నవ్వాడు.

తెల్మా నవ్వలేదు. “ఏ కుర్చీలో?” అంది.

“ఏ కుర్చీ అయితే ఏముందే, ముల్లు ముల్లే కదా.”

“ఏ కుర్చీలో అని అడుగుతున్నా.”

“పెద్ద హాల్లో కిటికీ పక్కన ఉన్నదట. ఆకుపచ్చ పట్టుగుడ్డట. వీపు ఆనేచోట నెమలి కుట్టు ఉందట. మేవిస్ అంతా చూసింది, ఆయన వెనకభాగంతో సహా.”

తెల్మా పొయ్యి కట్టేసింది. “ఈసారి సెలవులకి సముద్రానికి వద్దు. ష్రాప్‌షైర్ వెళ్దాం,” అంది.

క్లిఫర్డ్ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ కుర్చీ ఏదో అప్పటికి గాని అతనికి తట్టలేదు. తట్టాక చేతిలో ఉన్న మాంసం రొట్టె చల్లారిపోయింది.

ఆ కుర్చీ గురించి తెలియనివాళ్ళు వాళ్ళింట్లో ఎవరూ లేరు. తెల్మా తల్లి హెట్టీ, యుద్ధానికి ముందు, పావడా వయసు దాటీ దాటకుండానే ఆల్డర్‌విక్ హాల్లో పనికి కుదిరింది. తెల్లారకముందే లేవడం, గదుల్లో చలి కాచుకునే పొయ్యిల్లో బూడిద ఎత్తడం, బొగ్గు మొయ్యడం, దొరలు లేచేలోగా మనిషన్నది ఆ గదిలో అడుగుపెట్టినట్టు కూడా తెలియకుండా మాయమైపోవడం. ఒకసారి వేట విందు జరిగిన మర్నాడు, రెండు రోజులుగా కునుకు లేని ఆ పిల్ల, పెద్ద హాల్లో పొయ్యి తుడుస్తూ తుడుస్తూ, కిటికీ పక్కనున్న ఆకుపచ్చ కుర్చీలో ‘ఒక్క క్షణం’ అని కూర్చుంది. ఆ ఒక్క క్షణంలోనే నిద్రపట్టేసింది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా పెద్దదొరసాని. మధ్యాహ్నానికల్లా రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని, వానలో రైలుస్టేషను దారి పట్టింది.

తర్వాత మాంచెస్టర్ దగ్గరి బర్న్‌లీ వచ్చి నేతమిల్లులో చేరింది. మగ్గాల మధ్య నిలబడి చేసే పని. అది ఎలాగూ తప్పదు. కానీ ఆవిడ మిల్లు బయట కూడా నిలబడే ఉండిపోయింది. ఎవరింటికి వెళ్ళినా గుమ్మం పక్కనే నిలబడేది. కూర్చోమని రెండుసార్లు చెబితే గానీ కూర్చునేది కాదు, కూర్చున్నా గోడమీద వాలిన పిట్టలా అంచు మీదే. కూతురి పెళ్ళి విందులో వియ్యాలవారంతా కూర్చుని తింటుంటే ఈవిడ ఒక్కతే నిలబడి తింది. తొంభై దాటాక ఆసుపత్రిలో నర్సు, “లేచి కాసేపు కుర్చీలో కూర్చో హెట్టీ,” అంటే, “ఎవరిదమ్మా ఆ కుర్చీ?” అని అడిగింది. ఆ చలికాలంలోనే పోయింది.

తెల్మాకి ఏడుపు అప్పుడు కాదు, ఆ ప్రశ్న గుర్తొచ్చినప్పుడల్లా వచ్చేది. ఏడుపు కూడా కాదు, ఒళ్ళు మంట. ఆ కుర్చీలో ఒకసారి కూర్చోవాలి. అంచు మీద కాదు. వీపు పూర్తిగా ఆనించి, దొరసాని కూర్చున్నట్టు కూర్చోవాలి. తరిమేస్తే తరిమెయ్యనీ, కానీ తరిమేలోగా కూర్చోవాలి.

ష్రాప్‌షైర్‌లో అద్దెకు తీసుకున్న గుడిసిల్లు ఫొటోలో చాలా ముచ్చటగా ఉంది. లోపల దూలాలు క్లిఫర్డ్ నుదుటి ఎత్తుకి సరిగ్గా కొలిచి పెట్టినట్టున్నాయి. వచ్చిన రోజు నుంచి వాన. పొద్దున లేవగానే దూలానికి ఒకసారి, టీ పెట్టడానికి వెళ్తూ ఒకసారి తల కొట్టుకుని, “పాతకాలం వాళ్ళు పొట్టివాళ్ళే గాని, ఇంత పగ దేనికి?” అని క్లిఫర్డ్ తిట్టుకుంటున్నాడు.

ఆల్డర్‌విక్‌కి బయలుదేరే రోజున తెల్మా నీలం స్కర్టు, తెల్ల జాకెట్టు వేసుకుంది. కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడేసుకుంది. క్లిఫర్డ్ ఎగాదిగా చూశాడు.

“ఆ స్కర్టు మీ అమ్మది కదూ?”

“అవును. మన పెళ్ళికి కుట్టించుకుంది. చూడు, వెనకవైపు బట్ట ఇంకా కొత్తగానే ఉంది. కూర్చుంటే కదా నలగడానికి.”

“తెల్మా, నా మాట విను. వెళ్దాం, చూద్దాం, టీ తాగుదాం, వచ్చేద్దాం. నువ్వు ఆ కుర్చీ ఎక్కావంటే మనల్ని గెంటేస్తారు. గెంటెయ్యడం సంగతి అలా ఉంచు, టీ గది దారి కూడా మూసేస్తారు. అక్కడ టీలోకిచ్చే రొట్టెలు, స్కోన్లు, చాలా బాగుంటాయట.”

“ఎవరు చెప్పారు?”

“మేవిస్.”

“మేవిస్ చెప్పిన ముళ్ళు నిజమైతే స్కోన్లూ నిజమే అవుతాయి. కారు తియ్యి.”

కంచె మొక్కలు కారుకంటే ఎత్తున పెరిగిన సన్నదారుల్లో, ఎదురొచ్చిన ప్రతి ట్రాక్టరుకీ వెనక్కి వెనక్కి నడుపుతూ, చేరాల్సిన దూరం కంటే ఎక్కువ వెనక్కే నడిపాడు క్లిఫర్డ్. కార్లు ఆపే పొలంలో వానలో కారులోనే కూర్చుని, రేకు కాగితంలో చుట్టి తెచ్చిన కోడిగుడ్డు శాండ్‌విచ్‌లు తిన్నారు. చుట్టూ ఉన్న కార్లన్నిటిలోనూ అదే పని, అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. దొరల మేడ చూడ్డానికి ఇంతదూరం వచ్చి, ముందు దాని ఎదురుగా కారులో భోంచెయ్యడం ఈ దేశంలో ఒక ఆచారం.

లోపల అడుగుపెట్టగానే వీపు సంచులు ముందుకు తగిలించుకోమన్నారు. పొట్టలు ముందుకొచ్చిన జనం బరువైన గర్భిణుల్లా గది తర్వాత గదిలోకి నడుస్తున్నారు. గోడల నిండా పటాల్లో దొరలు. ఏ తరం చూసినా అదే ముక్కు, తండ్రి నుంచి కొడుక్కి ఆస్తితో పాటు రాసిచ్చినట్టు. దొరసానులు ఎక్కడెక్కడి నుంచి వచ్చినా వాళ్ళ పిల్లలకి మాత్రం ఆ ముక్కు తప్పలేదు. ఒక గదిలో గడ్డి కూరిన ఎలుగుబంటి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

“పాపం, దీన్ని కూడా కూర్చోనివ్వలేదు,” అంది తెల్మా.

“గొంతు తగ్గించు,” అన్నాడు క్లిఫర్డ్.

పెద్ద హాల్లో గుమ్మం పక్కన మడత కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మెళ్ళో పేరు పట్టీ, ఆబ్రే పిమ్ అని. ఇలాంటి మేడల్లో గదికొకరు చొప్పున జీతం లేకుండా ఊరికే కాపలా కాసే పెద్దవాళ్ళు ఉంటారు. పెన్షను వస్తోంది, ఇంట్లో భార్య వినడం మానేసింది, అందుకని ఇక్కడికొచ్చి మాట్లాడతారు. మిస్టర్ పిమ్ పళ్ళ డాక్టరుగా చేసి దిగిపోయినవాడు. నోటి నిండా దూది ఉన్నవాళ్ళతో బతుకంతా మాట్లాడి మాట్లాడి, జవాబు కోసం ఆగే అలవాటు పోయింది.

ఎర్ర తాడుకి అవతల, కిటికీ పక్కన, ఆ కుర్చీ ఉంది. ఆకుపచ్చ రంగు వెలిసి పాచి రంగులోకి దిగింది. నెమలి తోక దారాలు అక్కడక్కడా ఊడిపోయాయి. మధ్యలో ముళ్ళకాయ, ఉమ్మెత్తకాయకి అన్నగారిలా, దర్జాగా కూర్చుని ఉంది.

తెల్మా దాన్నే చూస్తూ నిలబడింది. తల్లి చెప్పిందంతా ఉంది. కిటికీ, కిటికీలోంచి కనపడే చెరువు, పొయ్యి, పొయ్యి మీద పాలరాతి సింహం. ఒక్కటే తేడా. కథలో కుర్చీ చాలా పెద్దది. ఎదుట ఉన్నది చిన్నది.

“క్లిఫర్డ్,” అంది మెల్లిగా, “ఆయన్ని పక్క గదిలోకి తీసుకుపో.”

“నేనా? ఎలా?”

“గడియారం గురించి అడుగు.”

“నాకు గడియారాల గురించి ఏం తెలుసు?”

“తెలియకపోతేనే కదా అడిగేది.”

పెళ్ళయి ఇన్నేళ్ళలో క్లిఫర్డ్ ఆ గొంతుకి ఎదురు చెప్పిన రోజు లేదు. ఒకసారి టీ గది వైపు, ఉరికంబం ఎక్కేవాడు ఇంటివైపు చూసినట్టు చూసి, మిస్టర్ పిమ్ దగ్గరికెళ్ళి, “ఏమండీ, పక్క గదిలో ఆ పొడుగు గడియారం... అది... నడుస్తుందా?” అన్నాడు.

మిస్టర్ పిమ్ మొహం దీపం వెలిగించినట్టయింది. “నడుస్తుందా అంటారా? రండి, రండి! దాని లోలకం గురించే ఒక కథ ఉంది!” అంటూ క్లిఫర్డ్ మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

తెల్మా ఎర్ర తాడు ఎత్తి, కిందనుంచి దూరి, అవతల తేలింది. మోకాలు కటుక్కుమంది. ముళ్ళకాయని తొడిమ పట్టుకుని తీసి చేతిసంచిలో పడేసింది. తల్లి స్కర్టు వెనకవైపు ఒకసారి చేత్తో సరిచేసుకుంది. కూర్చుంది.

గట్టిగా ఉంది. లోపల గుర్రపువెంట్రుకలు కూరారో గులకరాళ్ళు కూరారో గాని, చర్చి బల్ల నయం. వీపు ఆనించింది. నెమలి ముక్కు సరిగ్గా వెన్నుపూసలో గుచ్చుకుంది. ‘దీనికోసమా అమ్మా?’ అనుకుంది. ‘దీనిమీద నిద్రపట్టిందంటే ఎంత అలిసిపోయావే!’ అనుకుంది. అయినా లేవలేదు. ఇంకా వెనక్కి జరిగింది. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టింది.

అప్పుడు పొట్టమీద సంచులతో ఒక జంట గుమ్మంలోకి వచ్చింది. తెల్మా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు అరుస్తారు అనుకుంది. వాళ్ళు అరవలేదు. తాడు దగ్గరికొచ్చి, మర్యాదగా గొంతు సవరించుకుని, ఆవిడ అడిగింది:

“ఏమండీ, ఆ పొయ్యి పైన పటంలో ఆయన ఎవరండీ?”

దొరల మేడలో కూర్చున్న మనిషి కనపడితే ఈ దేశపు జనానికి తట్టేది ఒక్కటే, కాపలా మనిషి అని. కూర్చోకూడని చోట ఇంత నిబ్బరంగా కూర్చుందంటే హక్కు లేకుండా కూర్చుంటుందా? పైగా నీలం స్కర్టు, తెల్ల జాకెట్టు, మెళ్ళో తాడు.

తెల్మా పొయ్యి మీది బొమ్మకేసి చూసింది. “ఆయనా? ఈ ఇంటి దొరే,” అంది. “ముక్కు చూడండి.”

“అవునవును!” అన్నారిద్దరూ, చాలా గొప్ప సంగతి తెలిసినట్టు.

“కాళ్ళవాపు ఉండేది. పన్నులు వసూలు చేస్తే తగ్గేది,” అంది తెల్మా.

వాళ్ళు నవ్వారు. నవ్వు విని ఇంకొందరు లోపలికొచ్చారు. ఈ గైడు బాగా చెబుతోందని గుసగుసలు పోయాయి. పాలరాతి సింహం ఎక్కడిదని ఒకాయన అడిగితే, “దొంగ సొత్తే అయ్యుంటుంది,” అంది. మరుగుదొడ్డి ఎటని ఒకావిడ అడిగితే దారి చూపించింది. చూపించిన దారి తప్పని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి.

అప్పుడొక ముసలావిడ, చేతికర్ర మీద వాలి, “మరి ఈ కుర్చీ కథేమిటి తల్లీ?” అంది.

తెల్మా చెప్పింది. పొయ్యి బూడిద, బొగ్గు, రెండు రోజులు లేని నిద్ర, ఒక్క క్షణం, దొరసాని, రేకుపెట్టె, వాన. నేతమిల్లు. గోడమీద పిట్ట. ఆసుపత్రి. ‘ఎవరిదమ్మా ఆ కుర్చీ?’ దాకా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ముసలావిడ కర్ర మీద చెయ్యి మార్చుకుంది.

మిస్టర్ పిమ్ తిరిగొచ్చింది అప్పుడే. వెనకాల క్లిఫర్డ్, లోలకంలా తల వేలాడేసుకుని. మిస్టర్ పిమ్ చూశాడు. కుర్చీ. కుర్చీలో మనిషి. ముళ్ళకాయ లేదు. నోరు తెరిచాడు. గది నిండా జనం, వాళ్ళ ఎదుట ఒక పెద్దావిడని లెమ్మనడం ఎలా? నోరు మూశాడు. “క్షమించాలి...” అని మళ్ళీ మొదలెట్టాడు. “మీరు ఏమీ అనుకోకపోతే... బహుశా... ఆఫీసువాళ్ళు నాకు చెప్పలేదేమో... కొత్తగా వచ్చారా మేడమ్?”

“మా వాళ్ళు పాతవాళ్ళేనండి,” అంది తెల్మా.

ఇంతలో గోడలో గోడగా కలిసిపోయిన చిన్న తలుపు తెరుచుకుంది. బురద బూట్లతో, చిరుగుల ఉన్ని కోటుతో, పక్కన తడిసిన కుక్కతో పొడుగాటి ముసలావిడ లోపలికొచ్చింది. తోటమాలి అనుకునేవారే, ఆ ముక్కు లేకపోతే.

“లేడీ రోసమండ్!” అని మిస్టర్ పిమ్ నిటారుగా అయ్యాడు.

“తలుపు వెనకాల నిలబడి అంతా విన్నాను, అద్భుతం!” అందావిడ తెల్మాతో. “ఆ నిద్రపోయిన పిల్ల కథ మీకెలా తెలుసు? అది మా ఇంటి కథ! మా నానమ్మ ప్రతి క్రిస్మస్‌కీ చెప్పేది. ఆ పిల్ల గురక పెడుతోందట! ఒళ్ళో చీపురట! మొహం నిండా మసి అట! నానమ్మ ఆ గురక పెట్టి చూపిస్తుంటే మేమంతా కిందపడి దొర్లేవాళ్ళం.”

“ఆ పిల్ల మా అమ్మ,” అంది తెల్మా.

“నిజంగా? ఎంత సంతోషం!” అందావిడ. నిజంగానే సంతోషించింది, అందులో నటన లేదు.

“తర్వాత ఏమైందో మీ నానమ్మ చెప్పేవారా?”

లేడీ రోసమండ్ ఆలోచించింది. నిజాయితీగానే ఆలోచించింది. “తర్వాతా? తర్వాతేం లేదే. గురకతో అయిపోయేది కథ.”

“మా ఇంట్లో అక్కడ మొదలయ్యేదండి.”

తడి కుక్క ఒళ్ళు దులుపుకుంది. లేడీ రోసమండ్ మొహం కాస్త ఎర్రబడింది. ఇలాంటప్పుడు ఆవిడ తరం వాళ్ళకి తెలిసిన దారి ఒక్కటే, మనిషికి ఏదో ఒకటి ఇచ్చెయ్యడం. చుట్టూ చూసింది. ఇవ్వడానికి ఏమీ కనపడలేదు, అన్నిటికీ తాళ్ళు కట్టి ఉన్నాయి.

“చూడండి,” అంది, మొహం విప్పారుతూ, “మీ అమ్మగారి పేరు ఇక్కడ నిలబెడదాం. ఆవిడ కథ చెప్పడానికి మీకంటే తగినవాళ్ళెవరు? గురువారాలు మాకు మనుషులు దొరకడం లేదు. మీరు వచ్చేయండి. పేరు పట్టీ ఇస్తాం, టీ ఇస్తాం, స్కోను కూడా. జీతమంటూ ఏమీ ఉండదనుకోండి, ఈ ఇంటి మీద ప్రేమకొద్దీ అందరూ ఊరికే చేస్తారు. మిస్టర్ పిమ్ లేరూ? మీకూ గుమ్మం దగ్గర ఒక మడత కుర్చీ వేయిస్తాం. ఇది మాత్రం, పాపం, బాగా పాతబడింది కదా, దీంట్లో ఎవరినీ కూర్చోనివ్వం...”

స్కోను మాట వినగానే క్లిఫర్డ్ తలెత్తాడు. తెల్మా లేవలేదు. నెమలి గుచ్చుకుంటున్నా వీపు ఇంకాస్త వెనక్కి ఆనించి, కాలు మీద కాలు వేసుకుంది.

“మా అమ్మని గెంటేశారు గాని,” అంది, “చేసినన్నాళ్ళూ జీతమైతే ఇచ్చారండి.”